మన చెస్ ఇంజిన్ అందరి మెషిన్లలో ఆడాలంటే: బిల్డ్ నుంచి బగ్ దాకా

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడమీద గదిలో సాయంత్రాలు పిల్లలకి చెస్ చెప్తుంటాం. ఇంటికెళ్ళాక కూడా వాళ్ళు ఆడుకోవాలని ఒక చిన్న ఇంజిన్ (ఎత్తులు ఆలోచించే ప్రోగ్రాం), దానికో బోర్డు యాప్ రాశా, సోర్స్ కోడ్ అంతా ఓపెన్‌గానే పెట్టా. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడింది. పెన్‌డ్రైవ్‌లో వేసి పిల్లలకి ఇచ్చినాక మొదలైంది అసలు పని. ఒకరింట్లో విండోస్, ఒకరింట్లో అన్న ఇంజినీరింగ్ చదివేటప్పుడు కొన్న పాత పీసీ, సగం మందికి ఫోన్ తప్ప ఇంకేం లేదు, చిత్తూరు మురకంబట్టులో మా తమ్ముడి ఇంట్లో ఉండే డెస్క్‌టాప్‌లో అయితే తెరవగానే మూసుకుపోయేది, ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా లేదు. ఒక్కోటి పట్టుకుని సరిచేసుకుంటూ పోతే తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నా. సొంతంగా ఇంజిన్ రాసేవాళ్ళకి, స్టాక్‌ఫిష్ లాంటి ఓపెన్ సోర్స్ ఇంజిన్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేసుకునేవాళ్ళకి, ఇద్దరికీ పనికొస్తుంది.

ఒక మాట, కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టండి. దాదాపు అన్నీ చిన్న అక్షరాలే, మేక్‌కి ఇచ్చే ఆర్క్ (ఏఆర్‌సీహెచ్), కాంప్ మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టాలి.

మొదటి అడుగు: బోర్డు పక్కన పెట్టి ఇంజిన్‌తో మీరే మాట్లాడండి

ఇంజిన్ వేరు, బోర్డు వేరు. ఇంజిన్‌కి బొమ్మలు తెలీవు, గళ్ళు గీయడం రాదు, దానికి వచ్చిందల్లా ఒక లైన్ చదివి ఒక లైన్ రాయడమే. ఈ మాటలకి ఉన్న పద్ధతే యూసీఐ, స్టెఫాన్ మేయర్ కాలెన్, రుడాల్ఫ్ హ్యూబర్ కలిసి 2000లో తెచ్చారు, ఇప్పుడు దాదాపు అన్ని ఇంజిన్లూ ఇదే మాట్లాడతాయి. బోర్డు యాప్ క్యూట్ చెస్ అయినా, ఎన్ క్రాసాంట్ అయినా, ఫోన్లో డ్రాయిడ్‌ఫిష్ అయినా వెనక జరిగేది ఈ సంభాషణే.

టెర్మినల్ తెరిచి ఇంజిన్ ఉన్న ఫోల్డర్‌కి పోయి దాన్ని రన్ చేయండి. యూసీఐ అని కొట్టి ఎంటర్ నొక్కితే తన పేరు, రాసినవాళ్ళ పేర్లు, ఆప్షన్లు అన్నీ బారుగా చెప్పి చివర్లో యూసీఐఓకే అనాలి. ఈజ్‌రెడీ అంటే రెడీఓకే అనాలి. పొజిషన్ స్టార్ట్‌పోస్ మూవ్స్ ఇ2ఇ4 అని ఇచ్చి గో డెప్త్ 15 అంటే ఇన్ఫో లైన్లు వరసగా వచ్చి చివర బెస్ట్‌మూవ్ అని ఒక ఎత్తు చెప్తుంది. క్విట్ అంటే వెళ్ళిపోవాలి.

ఇది చేతితో చేస్తే పని చేసి బోర్డులో పెడితే చేయలేదంటే రోగం ఆ రెండిటి మధ్య ఉంది. చేతితో కూడా చేయలేదంటే ఇంజిన్ ఫైల్‌లోనే ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బోర్డు సెట్టింగ్స్ మార్చి మార్చి చూస్తూ నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నా, మీరు మాత్రం ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

లినక్స్‌లో పర్మిషన్ డినైడ్ అంటే సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ ఇవ్వాలి. ఉబుంటులో ఆప్ట్‌తో స్టాక్‌ఫిష్ ఇన్‌స్టాల్ చేస్తే అది యూఎస్ఆర్ లోపల గేమ్స్ అనే ఫోల్డర్‌లో కూర్చుంటుంది, బిన్‌లో కాదు, అందుకే కొన్ని ప్రోగ్రాములకి కనపడదు, పూర్తి పాత్ ఇచ్చేయండి. మ్యాక్‌లో నెట్ నుంచి దించిన ఫైల్‌ని సిస్టమ్ అడ్డుకుంటుంది, ఎక్స్ఆట్ర్ (ఎక్స్ఏటీటీఆర్) అనే కమాండ్‌తో క్వారంటైన్ గుర్తు తీసేయాలి, సొంతంగా బిల్డ్ చేసుకుంటే ఆ గొడవే ఉండదు.

రెండో అడుగు: స్టాక్‌ఫిష్ సోర్స్ నుంచి బిల్డ్

మీ ఇంజిన్ సొంతదే అయినా స్టాక్‌ఫిష్ ఒకటి బిల్డ్ చేసి పక్కన పెట్టుకోండి, తర్వాత లెక్కలు సరిచూసుకోడానికి అదే మనకి కొలబద్ద. 2008లో గ్లారంగ్ అనే ఇంజిన్ కోడ్ నుంచి మార్కో కోస్టాల్బా మొదలుపెట్టాడు దీన్ని, సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది, లైసెన్స్ జీపీఎల్ మూడో వెర్షన్.

లినక్స్‌లో బిల్డ్ ఎసెన్షియల్, గిట్, కర్ల్ వేసుకుని, గిట్ క్లోన్ చేసి, ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లోకి పోయి మేక్ హైఫన్ జె ప్రొఫైల్ హైఫన్ బిల్డ్ అంటే చాలు. ఇది ఒకసారి కంపైల్ చేసి, రన్ చేసి ఏ కోడ్ ఎక్కువసార్లు నడుస్తుందో చూసుకుని మళ్ళీ కంపైల్ చేస్తుంది కాబట్టి టైం పడుతుంది, ఆగిపోయిందనుకుని మధ్యలో ఆపకండి. ర్యామ్ తక్కువున్న పాత మెషిన్లో ఉత్త హైఫన్ జె ఇస్తే ఒకేసారి బోలెడు కంపైలర్లు లేచి మెషిన్ బిగుసుకుపోతుంది, హైఫన్ జె2 అని ఇవ్వండి.

విండోస్‌లో ఎంసిస్2 అనే కంపైలర్ టూల్స్ సెట్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, స్టార్ట్ మెనూలో దానికి నాలుగైదు ఐకాన్లు కనిపిస్తాయి, ఉత్త ఎంసిస్ అన్నది తెరవకూడదు, మింగ్‌డబ్ల్యూ64 గానీ యూసీఆర్‌టీ64 గానీ తెరిచి, దానికి సరిపోయే జీసీసీ, మేక్ ప్యాకేజీలు పాక్‌మ్యాన్‌తో (ఎంసిస్2లో ప్యాకేజీలు దించే కమాండ్) వేసుకుని అప్పుడు మేక్‌కి కాంప్ ఈక్వల్స్ మింగ్‌డబ్ల్యూ అని జోడించాలి. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ ఉంటే సరిపోతుంది, ఎం సిరీస్ చిప్ అయితే ఆర్క్ (ఏ రకం ప్రాసెసర్‌కి బిల్డ్ చేయాలో మేక్‌కి చెప్పే మాట) పేరు యాపిల్ హైఫన్ సిలికాన్.

బిల్డ్ మధ్యలో నెట్‌వర్క్ ఫైల్ దగ్గర ఆగిపోతే కంగారు పడొద్దు. స్టాక్‌ఫిష్ 12 నుంచి, అంటే 2020 నుంచి, పొజిషన్‌కి విలువ కట్టేది ఎన్ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్, ఇది 2018లో యూ నాసు జపాన్ వాళ్ళ షోగి ఆట కోసం తయారుచేసిన ఐడియా. బిల్డ్ చేసేటప్పుడే మేక్ ఆ ఫైల్‌ని నెట్ నుంచి దించి ఇంజిన్‌లో కలిపేస్తుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద చేస్తుంటే సగంలో తెగిపోవచ్చు. ఆ ఫైల్ పేరులో ఎన్ఎన్ తర్వాత ఉండే 12 అక్షరాలు ఊరికే పెట్టినవి కాదు, ఆ ఫైల్ షా256 హ్యాష్‌లో (ఫైల్ లోపలున్నదాన్ని బట్టి వచ్చే వేలిముద్ర లాంటి కోడ్) మొదటి 12 అక్షరాలవి, కాబట్టి సరిగ్గా దిగిందో లేదో మీరే షా256సమ్‌తో చూసుకోవచ్చు. నెట్ సరిగ్గా లేని ఊరికి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళేటప్పుడు ఇది చాలా ఉపయోగం.

అయిపోయాక బెంచ్ అనే కమాండ్ నడపండి. కొన్ని పొజిషన్లు ఆలోచించి చివర్లో నోడ్స్ సెర్చ్‌డ్ అని ఒక పెద్ద నంబర్ చెప్తుంది. మీరు బిల్డ్ చేసిన కమిట్ (గిట్‌లో నమోదైన ఒక మార్పు) మెసేజ్‌లో బెంచ్ అని ఉండే నంబర్‌తో అది సరిగ్గా కలవాలి. లినక్స్‌లో చేసినా విండోస్‌లో చేసినా ఫోన్లో చేసినా అదే నంబర్ రావాలి, స్పీడ్ మాత్రమే మారాలి. ఒక్క అంకె తేడా వచ్చినా కంపైలర్‌లోనో కోడ్‌లోనో ఏదో తేడా ఉన్నట్టే. మీ సొంత ఇంజిన్‌కి కూడా ఇట్లాంటి బెంచ్ ఒకటి మొదటి వారంలోనే రాసి పెట్టుకోండి, నేను ఆలస్యంగా పెట్టుకున్నా, చాలా బాధపడ్డా.

మూడో అడుగు: తెరవగానే మూసుకుపోతే

మురకంబట్టు డెస్క్‌టాప్ కథ ఇదే. నా ల్యాప్‌టాప్‌లో ఏవీఎక్స్2 అనే వేగం పెంచే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు పెట్టి బిల్డ్ చేశా. ఆ ఇన్‌స్ట్రక్షన్లు ఇంటెల్‌లో 2013లో హాస్వెల్‌తో వచ్చాయి, అంతకుముందు ప్రాసెసర్లలో ఉండవు, ఆ తర్వాత వచ్చిన పెంటియం, సెలెరాన్ చాలావాటిలో కూడా లేవు. లేని ఇన్‌స్ట్రక్షన్ ఎదురవగానే ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. లినక్స్‌లో అయితే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చెప్పి చస్తుంది, విండోస్‌లో బోర్డు యాప్ వెనక నడుస్తుంటే ఏమీ చెప్పకుండానే పోతుంది. టెర్మినల్‌లో నడిపి ఎగ్జిట్ కోడ్ చూడండి. చివర సీ000001డీ లాంటిది కనిపిస్తే ఇదే సంగతి. సీ0000135 అని వస్తే అది వేరే, ఏదో డీఎల్ఎల్ ఫైల్ దొరకలేదని అర్థం, మింగ్‌డబ్ల్యూతో బిల్డ్ చేసిన సొంత ఇంజిన్లకి ఇది మామూలే, లింక్ చేసేటప్పుడు హైఫన్ స్టాటిక్ పెడితే ఆ ఫైళ్ళన్నీ లోపలే కలిసిపోతాయి.

ఏవీఎక్స్2 లేని మెషిన్‌కి ఆర్క్ ఈక్వల్స్ ఎక్స్86 హైఫన్ 64 హైఫన్ ఎస్ఎస్ఈ41 హైఫన్ పాప్‌కౌంట్ (పీఓపీసీఎన్‌టీ అని కొట్టాలి) వాడండి, మరీ పాతదైతే ఉత్త ఎక్స్86 హైఫన్ 64. స్పీడ్ తగ్గుతుంది కానీ పిల్లల ప్రాక్టీస్‌కి అదే ఎక్కువ. సొంత ఇంజిన్లో మార్చ్ ఈక్వల్స్ నేటివ్ అని పెట్టుకుని ఆ ఫైల్‌ని ఇతరులకి ఇవ్వొద్దు, నేటివ్ అంటే మీ మెషిన్‌కి కుట్టిన చొక్కా, ఎదుటివాళ్ళకి పట్టదు.

అదే డెస్క్‌టాప్‌లో తర్వాత ఇంకోటి. ఇంజిన్ లేచింది కానీ మౌస్ కూడా కదలనంత స్లో. నేను హ్యాష్ (ఇంజిన్ చూసిన పొజిషన్లు గుర్తుపెట్టుకునే మెమరీ, పైన చెప్పిన షా256 కాదు) 1024 ఎంబీ అని డిఫాల్ట్ పెట్టేశా, దాని ర్యామే 2 జీబీ. స్టాక్‌ఫిష్ డిఫాల్ట్ 16 ఎంబీ, థ్రెడ్స్ 1 అని ఎందుకు పెట్టుకుందో అప్పుడు అర్థమైంది.

నాలుగో అడుగు: ఇంజిన్ బతికే ఉంది కానీ బోర్డుకి ఏమీ వినపడట్లేదు

సొంత ఇంజిన్ రాసేవాళ్ళలో ఎక్కువమంది కొట్టుకునేది ఇక్కడే. టెర్మినల్‌లో అన్నీ బాగానే జవాబులు వస్తాయి, బోర్డులో పెడితే ఇంజిన్ రెస్పాండ్ కావట్లేదు అంటుంది.

కారణం బఫరింగ్. మీ ప్రోగ్రాం అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతుంటే లైన్ లైన్‌కి బయటికి వస్తుంది. అదే అవుట్‌పుట్ పైపు ద్వారా ఇంకో ప్రోగ్రాంకి పోతుంటే సీ లైబ్రరీ దాన్ని ఒక బకెట్‌లో పోసి నిండినాక ఒకేసారి పంపిస్తుంది. యూసీఐఓకే అనేది చిన్న ముక్క, బకెట్ నిండదు, బోర్డు ఎదురుచూసి ఎదురుచూసి వదిలేస్తుంది. సీలో అయితే మొదట్లోనే సెట్‌బఫ్ స్టాండర్డ్ అవుట్‌కి నల్ అని పెట్టండి, సీ ప్లస్ ప్లస్‌లో ఎండ్ఎల్ వాడండి, పైథాన్‌లో ప్రింట్‌లో ఫ్లష్ ఈక్వల్స్ ట్రూ. టెర్మినల్‌లోనే దీన్ని పట్టుకోవాలంటే ఇంజిన్ అవుట్‌పుట్‌ని పైపుతో క్యాట్ కమాండ్‌కి పంపి యూసీఐ అని కొట్టి చూడండి, జవాబు వెంటనే రాకపోతే దొరికినట్టే.

దీనికి తమ్ముడు లాంటి బగ్ లైన్ చివర అక్షరం. విండోస్‌లో లైన్ చివర రెండు గుర్తులు ఉంటాయి, లినక్స్‌లో ఒకటే. బోర్డు విండోస్ పద్ధతిలో పంపితే మీ ఇంజిన్ చదివిన మాట యూసీఐ కాదు, యూసీఐ పక్కన కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్. పోల్చి చూస్తే కలవదు. చదివిన ప్రతి లైన్ చివర ఖాళీలన్నీ కత్తిరించేయండి.

స్టాప్ అంటే ఆగకపోవడం ఇంకోటి. ఇంజిన్ ఆలోచిస్తున్నప్పుడు ఇన్‌పుట్ చదివేవాళ్ళే లేకపోతే స్టాప్ అనే మాట ఎవరు వింటారు. ఆలోచించే పని ఒక థ్రెడ్‌లో (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి), వినే పని ఇంకో థ్రెడ్‌లో పెట్టి, మధ్యలో ఆగమని చెప్పే ఒక అటామిక్ ఫ్లాగ్ పెట్టండి. ఆలోచిస్తూ ఉండగా ఈజ్‌రెడీ అడిగినా రెడీఓకే అని వెంటనే చెప్పాలి, అది యూసీఐ నియమం.

బోర్డు రాసేవాళ్ళకి నా సొంత అనుభవం ఒకటి. కొన్ని ఆటలు బాగా ఆడి తర్వాత మధ్యలో ఇంజిన్ బిగుసుకుపోయేది, ఎప్పుడు ఎందుకు అని తెలిసేది కాదు. చూస్తే ఇంజిన్ డీబగ్ మాటలన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కి రాస్తోంది, నా బోర్డు దాన్ని పైపు పెట్టి తీసుకుంటోంది కానీ చదవట్లేదు. లినక్స్‌లో ఆ పైపు మామూలుగా 65536 బైట్లు పడుతుంది, అది నిండినాక ఇంజిన్ రాయబోయి అక్కడే నిలబడిపోయింది. రెండు పైపులూ చదవండి, లేదంటే అసలు తెరవొద్దు. పైథాన్‌లో బోర్డు రాస్తే నిక్లాస్ ఫీకాస్ రాసిన పైథాన్ చెస్ లైబ్రరీ వాడండి, ఇంజిన్‌తో మాట్లాడే పనంతా అదే చూసుకుంటుంది, ఆఖర్లో క్విట్ మాత్రం మర్చిపోవద్దు, మర్చిపోతే ఇంజిన్లు వెనకాల అట్లాగే మిగిలిపోయి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

స్కోర్ విషయం కూడా. ఇంజిన్ చెప్పే సెంటీపాన్ (బంటు విలువలో వందో వంతు) లెక్క ఎప్పుడూ ఎత్తు వేయాల్సిన వాళ్ళ వైపు నుంచి ఉంటుంది. నల్లవాళ్ళ వంతులో ప్లస్ 150 అంటే నల్లవాళ్ళు ఒకటిన్నర బంటు ముందున్నారని. బోర్డులో చూపించేటప్పుడు గుర్తు తిప్పకపోతే ఎత్తెత్తుకీ ప్లస్ మైనస్ ఊగుతుంది, పిల్లలు నమ్మకం పోగొట్టుకుంటారు.

ఐదో అడుగు: పెర్ఫ్ట్, ఇది మాత్రం వదలొద్దు

ఎత్తులు పుట్టించే కోడ్ సరిగ్గా ఉందా అని తెలుసుకునేదానికి పెర్ఫ్ట్‌ని మించింది లేదు. ఇన్ని ఎత్తుల లోతు వరకు మొత్తం ఎన్ని దారులు ఉన్నాయో లెక్కపెట్టడమే. మొదటి పొజిషన్ నుంచి 1 లోతుకి 20, తర్వాత 400, 8902, 197281, 4865609, 119060324. ఇవి ఎవరు లెక్కపెట్టినా మారవు.

కానీ మొదటి పొజిషన్ ఒక్కటే చూసి ఆగిపోవద్దు, అక్కడ క్యాజిలింగ్, ప్రమోషన్, ఎన్ పాసాంట్ (రెండు గళ్ళు దూకిన బంటుని పక్క బంటు ఒక గడే జరిగినట్టు కొట్టడం) గొడవలు తక్కువ. ఈ పొజిషన్ పెట్టి చూడండి. తెల్ల రాజు ఏ5, ఏనుగు బి4, బంట్లు బి5, ఇ2, జి2. నల్ల రాజు హెచ్4, ఏనుగు హెచ్5, బంట్లు సి7, డి6, ఎఫ్4. ఎత్తు తెల్లది. లెక్క 14, 191, 2812, 43238, 674624 రావాలి. ఇందులో కిటుకు ఏందంటే తెల్లవాళ్ళు జి4 అని బంటుని రెండు గళ్ళు తోస్తే నల్ల ఎఫ్4 బంటు ఎన్ పాసాంట్‌గా కొట్టొచ్చు అనిపిస్తుంది, కానీ కొడితే నాలుగో వరసలో రెండు బంట్లూ ఒకేసారి లేచిపోయి బి4 ఏనుగు నేరుగా హెచ్4 రాజుని చూస్తుంది. అది చెల్లని ఎత్తు. పిన్ అయిందా (కదిలితే వెనకున్న రాజుకి చెక్ పడేట్టు ఇరుక్కుందా) అని ఒక్కో బంటుని విడిగా చూసే కోడ్ ఇక్కడ తప్పకుండా పడిపోతుంది, నాది కూడా పడింది.

నంబర్ కలవకపోతే ఎక్కడ తప్పు అని వెతికే పద్ధతి చాలా సులువు. స్టాక్‌ఫిష్‌లో అదే పొజిషన్ పెట్టి గో పెర్ఫ్ట్ 4 అంటే మొదటి ఎత్తు ఒక్కోదానికి ఎన్ని దారులో విడివిడిగా చెప్తుంది. మీ ఇంజిన్ చేత కూడా అట్లాగే విడివిడిగా చెప్పించండి. తేడా వచ్చిన ఎత్తు ఆడేసి ఇప్పుడు లోతు 3, మళ్ళీ పోల్చి తేడా ఉన్న ఎత్తు, లోతు 2, తర్వాత 1. చివరికి ఒక్క పొజిషన్‌లో ఒక్క ఎత్తు ఎక్కువో తక్కువో అని దొరుకుతుంది. కాగితం మీద రాసుకుంటూ చేయండి.

ఆరో అడుగు: ఒక చోట పెర్ఫ్ట్ సరిపోయి ఇంకో చోట తప్పితే

ఇది వింటే నమ్మబుద్ధి కాదు గానీ జరుగుతుంది. లినక్స్‌లో అన్ని నంబర్లూ సరిగ్గా వచ్చిన కోడ్ విండోస్‌లో బోర్డు పై సగంలో పిచ్చి ఎత్తులు వేసింది. ఏమంటే, లాంగ్ అనే టైప్ 64 బిట్ లినక్స్‌లో 64 బిట్లు, 64 బిట్ విండోస్‌లో 32 బిట్లే. నేను గడి గుర్తు పెట్టేదానికి 1యూఎల్‌ని ఎడమకి జరిపా. ఏ1 గడి 0 అయితే హెచ్4 గడి 31, అక్కడిదాకా బాగుంది, ఏ5 నుంచి 32 దాటింది, అంతా గల్లంతు. యూఇంట్64 వాడండి, 1కి యూఎల్ఎల్ తగిలించండి.

ఫోన్లలో దీనికి జోడీ ఇంకోటి ఉంది. ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఉత్త కార్ (సీహెచ్ఏఆర్) టైప్‌కి మైనస్ విలువలు ఉంటాయి, ఆండ్రాయిడ్ ఆర్మ్ ఫోన్లలో, రాస్‌బెర్రీ పైలో ఉండవు. ఎన్ పాసాంట్ లేదు అని చెప్పేదానికి కార్‌లో మైనస్ 1 పెట్టుకుని తర్వాత సున్నా కంటే తక్కువా అని అడిగితే ఫోన్లో అది 255 అయి కూర్చుంటుంది. సైన్డ్ అని స్పష్టంగా రాయండి లేదా ఇంట్8 వాడండి.

బొమ్మల ఫైళ్ళ పేర్లలో పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది, తెల్ల గుర్రం కనపడకుండా పోయిందంటే ముందు అది చూడండి. అర్థం కాని క్రాష్‌లకి జీసీసీలో గానీ క్లాంగ్‌లో గానీ హైఫన్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్, అన్‌డిఫైన్డ్ అని పెట్టి పెర్ఫ్ట్ నడపండి, తప్పు లైన్ నంబర్‌తో సహా చెప్తుంది. ఆ 1యూఎల్ లాంటివి లినక్స్‌లో మాత్రం దొరకవు, ఎందుకంటే అక్కడ అది తప్పే కాదు, కాబట్టి విండోస్‌లో కూడా పెర్ఫ్ట్ నడపాల్సిందే.

ఏడో అడుగు: ఫోను, బ్రౌజరు

మా పిల్లల్లో ఎక్కువమందికి ఫోనే కంప్యూటర్. కోడ్ రాయాలనుకునేవాళ్ళకి ఫోన్లో లినక్స్ టెర్మినల్ ఇచ్చే టర్మక్స్ యాప్ చాలు, క్లాంగ్, మేక్, గిట్ వేసుకుని ఫోన్లోనే బిల్డ్ చేయొచ్చు. ఇంజిన్ ఫైల్‌ని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెట్టి నడపాలని చూస్తే ఎన్నిసార్లు సీహెచ్‌మోడ్ కొట్టినా పర్మిషన్ డినైడే, షేర్డ్ స్టోరేజ్ నుంచి ప్రోగ్రాములు నడపనివ్వదు, టర్మక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.

యాప్ తయారు చేసేవాళ్ళు ఆండ్రాయిడ్ 10 మార్పు తెలుసుకోవాలి. ముందు ఇంజిన్‌ని యాప్ డేటా ఫోల్డర్‌లోకి కాపీ చేసి నడిపేవాళ్ళం, ఏపీఐ 29ని (ఆండ్రాయిడ్ 10 వెర్షన్ నంబర్) టార్గెట్ చేసినప్పటి నుంచి అది కుదరదు. ఇంజిన్‌ని ఎన్‌డీకేతో (ఆండ్రాయిడ్‌కి సీ, సీ ప్లస్ ప్లస్ బిల్డ్ చేసే టూల్స్) బిల్డ్ చేసి, పేరు ముందు లిబ్, చివర డాట్ ఎస్ఓ అని పెట్టి జేఎన్ఐ లిబ్స్ ఫోల్డర్‌లో ఉంచాలి, గ్రేడిల్‌లో యూజ్ లెగసీ ప్యాకేజింగ్ ట్రూ చేయాలి, అప్పుడే ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఆండ్రాయిడ్ దాన్ని బయటికి తీసి పెడుతుంది, నేటివ్ లైబ్రరీ డైరెక్టరీ నుంచి నడపొచ్చు. పాత 32 బిట్ ఫోన్లకి ఆర్మ్‌వీ7 బిల్డ్ విడిగా ఇవ్వండి. థ్రెడ్స్ ఒకటో రెండో చాలు, ఫోన్ కాలిపోతే అమ్మ లాక్కుంటుంది. ఐఫోన్‌లో వేరే ప్రోగ్రాంని లేపడమే కుదరదు, ఇంజిన్‌ని లైబ్రరీగా కలిపి ఒక థ్రెడ్‌లో నడపాలి.

బ్రౌజర్‌లో ఇంజిన్ వెబ్ అసెంబ్లీగా మారి వెబ్ వర్కర్‌లో నడుస్తుంది. హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే వర్కర్ లేవదు, చిన్న లోకల్ సర్వర్ పెట్టండి. ఎక్కువ థ్రెడ్లు కావాలంటే షేర్డ్ అర్రే బఫర్ ఉండాలి, దానికి సర్వర్ క్రాస్ ఆరిజిన్ ఓపెనర్ పాలసీ, క్రాస్ ఆరిజిన్ ఎంబెడర్ పాలసీ అనే రెండు హెడర్లు పంపాలి. కన్సోల్‌లో క్రాస్ ఆరిజిన్ ఐసొలేటెడ్ విలువ ట్రూ అని వస్తే కుదిరినట్టు. హెడర్లు మీ చేతిలో లేకపోతే సింగిల్ థ్రెడ్ బిల్డ్ తీసుకోండి, బడి పిల్లలకి సరిపోయి మిగులుతుంది.

ఎనిమిదో అడుగు: మార్చినాక బలం పెరిగిందా, ఇతరులకి ఎట్లా ఇవ్వాలి

పది ఆటలు ఆడించి ఆరు గెలిచింది కాబట్టి కొత్త కోడ్ మంచిది అనుకోవద్దు. క్యూట్ చెస్ కమాండ్ లైన్ వెర్షన్‌తో పాత ఇంజిన్‌కీ కొత్త ఇంజిన్‌కీ వందలు వేల ఆటలు ఆడించండి, రకరకాల ఓపెనింగ్‌లు ఇచ్చి, ప్రతి ఓపెనింగ్‌నీ రంగులు మార్చి రెండుసార్లు. ఎస్‌పీఆర్‌టీ అనే ఆప్షన్ (ఆట ఆటకీ లెక్క చూసి తేడా నిజమా అని తేల్చే పరీక్ష) పెడితే తేలినప్పుడు అదే ఆపుతుంది. స్టాక్‌ఫిష్ వాళ్ళు 2013లో గ్యారీ లిన్‌స్కాట్ మొదలుపెట్టిన ఫిష్‌టెస్ట్‌లో వాలంటీర్ల కంప్యూటర్ల మీద చేసేది ఇదే. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి తెలుస్తుంది, కరెంటు పోతే మళ్ళీ మొదటికి రాకుండా పీజీఎన్ (ఆటల ఎత్తులు రాసే) ఫైల్‌లోకి సేవ్ చేయించండి.

స్టాక్‌ఫిష్ కలిపిన యాప్ ఏదైనా పంచుతుంటే సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంచాలి, లైసెన్స్ కాపీ పెట్టాలి, మీరేం మార్చారో చెప్పాలి. ఉచితంగా ఇస్తున్నాం కదా అని తప్పించుకోడానికి లేదు, డబ్బులకి అమ్మినా తప్పు లేదు, సోర్స్ ఇవ్వకపోతేనే తప్పు. ఈ విషయం మీదే స్టాక్‌ఫిష్ టీం 2021లో చెస్‌బేస్ మీద జర్మనీలో కేసు వేసింది, 2022 నవంబర్‌లో రాజీ అయ్యింది.

ఎవరి ప్రాజెక్టులోనైనా బగ్ దొరికితే రిపోర్ట్‌లో ఇవి పెట్టండి: ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్ పేరు, ఇంజిన్ వెర్షన్, కంపైలర్ వెర్షన్, పొజిషన్ ఫెన్ స్ట్రింగ్ (బోర్డు మొత్తాన్ని ఒకే లైన్‌లో రాసే పద్ధతి), మొదటి నుంచి పంపిన కమాండ్లన్నీ వరసగా. స్టాక్‌ఫిష్‌లో కంపైలర్ అని కొడితే కంపైలర్ వివరాలన్నీ అదే చెప్తుంది, డీబగ్ లాగ్ ఫైల్ అనే ఆప్షన్‌కి ఒక ఫైల్ పేరు ఇస్తే మాట్లాడిందంతా అందులో రాస్తుంది. నిన్న మొన్నటిదాకా పని చేసి ఇప్పుడు చేయట్లేదు అంటే గిట్ బైసెక్ట్ (కమిట్లని సగం సగం చేసుకుంటూ వెతికే కమాండ్) పెట్టి ఏ కమిట్‌లో చెడిందో కనిపెట్టి అది కూడా రాయండి. మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఇట్లాగే కమాండ్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని తెచ్చింది, ఆ కార్ టైప్ బగ్ దొరికింది ఆ కాగితం వల్లనే.